ఆ గొంతుకు ఎకో ఎందుకు?

సినిమాలో ఒక ఆడమనిషికి పిచ్చి పట్టిందని మనకెలా తెలుస్తుంది? జుట్టు విరబోసుకుంటుంది. కళ్లు పెద్దవి చేస్తుంది. పగలబడి నవ్వుతుంది, ఆ నవ్వు గోడలకు తగిలి నాలుగుసార్లు మోగుతుంది. వెనక వయొలిన్లు కీచుమంటాయి. కెమెరా పక్కకి ఒరుగుతుంది. ఇంకేం... హాల్లో కూర్చున్న పసిపిల్లలకి కూడా అర్థమైపోతుంది, పాపం, ఆవిడకి మతి పోయిందని! ఇదంతా నటి గొప్పతనం అనుకుంటాం. కాదండీ, సగానికి సగం ఎడిటింగ్ గదిలో జరిగే పని. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, నిరుడు ఆ పని స్వయంగా నేనే చేశాను. చేసి, చీవాట్లు తిని, మళ్లీ మొదటి నుంచి చేశాను.

మాది మేడ్చల్. మా ఆయనకి ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, శారీ ఫంక్షన్లు, గృహప్రవేశాలు ఆయన తీసుకొస్తే, కంప్యూటర్ ముందు కూర్చుని కత్తిరించి అతికించేది నేను. పదిహేనేళ్లుగా ఇదే పని. జీలకర్ర బెల్లం దగ్గర ఏ పాట పడాలో, అప్పగింతలప్పుడు ఎవరి ఏడుపు ఎంతసేపు ఉంచాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. (ఎడిటింగ్ మగవాళ్ల పని అనుకునేవాళ్లకి ఓ మాట. హాలీవుడ్‌లో మూకీల కాలంలో ఫిల్ము ముక్కలు కోసి అతికించిన వాళ్లలో ఎందరో ఆడవాళ్లే. కుట్టుపని లాంటిదేగా అని వాళ్లకి వదిలేశారట! మన దేశంలో 'పరిందా' సినిమాకి జాతీయ అవార్డు తెచ్చుకున్న ఎడిటర్ రేణూ సలూజా కూడా ఆడమనిషే.)

అలాంటి నా దగ్గరకి నిరుడు సెప్టెంబరులో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు ఓ హార్డ్ డిస్కు పట్టుకొచ్చారు. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కదా, కాలేజీలో చూపించడానికి షార్ట్ ఫిల్మ్ తీశారట. ఉన్నది 3 గంటల ఫుటేజి, కావలసింది 12 నిమిషాలు. కథ ఇదీ. కొత్తగా పెళ్లయిన అమ్మాయి. ఎవరూ లేకపోయినా ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. అత్తింటివాళ్లు దయ్యం అంటారు. బాబా దగ్గరకి తీసుకెళతారు, గొలుసులు వేస్తారు, ఆస్పత్రిలో కరెంటు షాకు పెట్టిస్తారు. చివరికి మొగుడి ప్రేమతో నయమవుతుంది. శామీర్‌పేట చెరువు కట్ట మీద ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని నడుస్తుంటే సూర్యుడు అస్తమిస్తాడు. సమాప్తం.

పిల్లల మనసు మంచిది. నేనూ హుషారుగా కూర్చున్నాను. ఎప్పుడూ పెళ్లిళ్లేనా, చేతిలో ఉన్న విద్యంతా ఇక్కడ చూపిద్దాం అనుకున్నాను. అమ్మాయికి వినిపించే గొంతుకి బోలెడంత ఎకో పెట్టాను. రెండు మూడు గొంతులు ఒకదాని మీద ఒకటి వేశాను. కింద గుండె చప్పుడు, పైన ఈదురుగాలి. షాట్లన్నీ అర సెకను, పావు సెకను ముక్కలు చేశాను. రంగు కాస్త ఎర్రగా మార్చాను. పిల్లలు చూసి చప్పట్లు కొట్టారు. "ఆంటీ, గూస్‌బంప్స్!" అన్నాడు డైరెక్టర్ అబ్బాయి.

ఆ సాయంత్రమే పెద్దమ్మ వచ్చింది.

పెద్దమ్మ గురించి చెప్పాలి. శామీర్‌పేట వైపు పల్లె. ఆ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు ఉన్న రోజుల్లో కూలికి వెళ్లేది. ఇప్పుడు తోటలు పోయి వెంచర్లొచ్చాయి, ఆ రాళ్ల మధ్య ఏ తోట ఎక్కడుండేదో ఆవిడే చెప్పాలి. ముప్ఫై ఏళ్ల వయసులో ఆవిడకి మాటలు వినబడటం మొదలైంది. మొదట మైసమ్మ, తరవాత దర్గా, తాయెత్తులు, ఉపవాసాలు. ఆ తరవాతే ఎర్రగడ్డ, మాత్రలు. మన హైదరాబాదులో 'ఎర్రగడ్డ' అంటే ఊరి పేరు కాదు, తిట్టు కదా! ఆ తిట్టు పడుతూనే నెలనెలా రెండు బస్సులు మారి వెళ్లి మందులు తెచ్చుకుంది, సంసారం చేసింది, కొడుకుని పెంచింది. నేను పేపరుకి రాస్తానంటే, "రాయి. పేరు వద్దు, ఊరు వద్దు" అంది. అందుకే ఊరు చెప్పలేదు, వరస కూడా కాస్త మార్చాను.

ఆవిడకి చూపించాలని నేననుకోలేదు. కంప్యూటర్‌లో నడుస్తుంటే వచ్చి కూర్చుంది. గొంతుల సీను రాగానే చెవులు మూసుకుంది.

"ఏందే గా సప్పుడు? దయ్యం సినిమానా?"

"కాదు పెద్దమ్మా. ఆ పిల్లకి మాటలు ఇనబడ్తున్నయన్నట్టు..."

"గట్లెందుకు ఇనబడ్తయి? బావిలకెల్లి మాట్లాడినట్టు! నాకెన్నడు గట్ల ఇనబడలే. గిట్లనే... నువ్వు నేను మాట్లాడుకున్నట్టే. ఆ అర్రల నుంచి పిలిచినట్టే ఉంటది. బావిలకెల్లి వచ్చినట్టు వస్తే, ఉత్తదే అని నాకు అప్పుడే ఎరుకైతుండె గద బిడ్డా!"

నా నోట మాట లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ మా ఇళ్లలో తిరుగుతోంది, ఒక్కరోజైనా అడిగామా, నీకెలా వినబడుతుంది అని? ఆ రోజు అడిగాను.

"ఏమంటది? పాలు పొంగుతున్నయ్ పో అంటది. వాన వస్తుంది, బట్టలు తియ్యి అంటది. తిడ్తది గూడ. అంతా మా అత్తమ్మ గొంతే. సచ్చి ఇరవై ఏండ్లాయె, ఇంకా నన్ను కూసోనియ్యది!" అని తనే నవ్వింది.

ఇది ఒక్క మా పెద్దమ్మ మాటే అనుకుంటారేమో. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన తాన్యా లూర్మన్ అనే మానవశాస్త్ర పరిశోధకురాలు కాలిఫోర్నియాలో, ఆఫ్రికాలోని ఘనా దేశంలో, మన చెన్నైలో... ఒక్కో చోట 20 మంది చొప్పున, ఇలా గొంతులు వినిపించే వాళ్లతో మాట్లాడి వివరాలు రాశారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధనలో అమెరికా వాళ్లు ఎక్కువగా హింస, ద్వేషం నిండిన గొంతుల గురించి చెప్పారు. చెన్నైలో సగం మందికి పైగా వినబడినవి అయినవాళ్ల గొంతులు. ఇంటి పనులు పురమాయించే గొంతులు! అంటే మన ఆడవాళ్లకి జబ్బులో కూడా చాకిరీ తప్పలేదన్నమాట. ఈ పరిశోధనలో పాలుపంచుకున్నది చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ. దాన్ని 1984లో పెట్టినావిడ శారదా మీనన్, మన దేశంలో మొదటి మహిళా సైకియాట్రిస్టు. ఆ సంస్థ మానసిక వ్యాధుల మీద తీసిన షార్ట్ ఫిల్ములకి పోటీలు కూడా పెడుతూ వచ్చింది.

మరి ఈ ఎకో మనకెక్కడిది? ఎవరూ విని పెట్టింది కాదు, ఒక సినిమా చూసి మరో సినిమాలో పెట్టుకున్నదే. ఎకో పెడితే ఏమవుతుందో పెద్దమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది. అది అబద్ధమని చూసేవాళ్లకి ముందే తెలిసిపోతుంది. ఇంత తేలిగ్గా తెలుస్తున్నది ఆ అమ్మాయికెందుకు తెలియడం లేదు, తెలివితక్కువది కాకపోతే, అనిపిస్తుంది. జాలి పడతాం, భయపడతాం. ఆమె చోట మాత్రం మనం ఒక్క క్షణం కూడా నిలబడం. 'అవేర్‌నెస్' అని పేరు పెట్టి నేను చేసిన పని అదీ!

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. ముందు ఎకో తీసేశాను. గొంతులన్నీ తీసేసి ఒక్క అత్తగారి గొంతే ఉంచాను. కుక్కర్ విజిల్, గిన్నెల చప్పుడు ఎంతలో ఉన్నాయో ఈ గొంతూ అంతలోనే. గోడ అవతలి నుంచి మాట వస్తే సకారాలు, చకారాలు కాస్త మొద్దుబారతాయి, మీరు గమనించే ఉంటారు. అంతవరకే పదును తగ్గించాను. ఎడమవైపు నుంచి మాత్రమే వినబడేలా పెట్టాను, ఎందుకంటే ఆ సీనులో వంటగది తలుపు ఎడమవైపే ఉంది. చిన్న మార్పులే... అయితే వాటికి నాలుగు రోజులు పట్టింది. కారణం, రూమ్ టోన్ లేదు.

రూమ్ టోన్ అంటే గది నిశ్శబ్దం. ప్రతి గదికీ దానిదో నిశ్శబ్దం ఉంటుంది. ఫ్యాను, ఫ్రిజ్జు, దూరంగా రోడ్డు. షూటింగులో అందరూ నోరు మూసుకుని ఒక నిమిషం దాన్ని రికార్డు చేసుకుంటే, తరవాత మాట ఎక్కడ తీసేసినా అక్కడ బొక్క పడదు. పిల్లలు ఆ నిమిషం తీసుకోలేదు. తీసుకుందామన్నా మా వైపు దొరికేదా! హకీంపేటలో వైమానిక దళం వాళ్లు, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. పైలట్ల శిక్షణ మొదలైతే మంచి డైలాగు మధ్యలో విమానం రావలసిందే. ఇవతల 44వ నంబరు హైవే లారీలు, అవతల కరీంనగర్ రోడ్డు బస్సులు. ఇద్దరు మాట్లాడే మధ్య అర సెకను, పావు సెకను ఖాళీలు ఏరి, వాటినే అతికి నిశ్శబ్దం తయారుచేశాను. బియ్యంలో రాళ్లేరడం కాదు, రాళ్లలో బియ్యం ఏరడం!

బొమ్మ సంగతి ఇంకా చిత్రం. నల్లా దగ్గర ఒక సీనుంది. ఆ అమ్మాయి బిందె పట్టుకుని అటు చూస్తుంది. ఆ చూపు తరవాత ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుసగుసలాడే షాటు పెడితే, 'అవును, వీళ్లు ఈమె గురించే అనుకుంటున్నారు, ఈమె అనుమానం నిజమే' అనిపిస్తుంది. అదే చూపు తరవాత ఖాళీ నల్లా పెడితే? 'లేనిది ఊహించుకుంటోంది' అనిపిస్తుంది. చూపు అదే, ముఖం అదే. వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు చూపించిన కిటుకే ఇది. అంటే ఎవరికి పిచ్చి, ఎవరికి కాదు అని తీర్పు చెప్పే కుర్చీలో నేను కూర్చున్నాను! పెళ్లి వీడియోలో కోపంగా ఉన్న ఆడపడుచు ముఖం పక్కన వదిన ముఖం పెట్టి ఇంట్లో గొడవ తెప్పించినదాన్నే (ఆ కథ మరోసారి). కానీ ఇది అంత తేలిక విషయం కాదు. చివరికి రెండు షాట్లూ పెట్టాను. ముందు ఖాళీ నల్లా, తరవాత గుసగుసలు. ఎందుకంటే నిజజీవితంలో రెండూ ఉంటాయి. పెద్దమ్మకి లేని గొంతులూ వినబడ్డాయి, ఉన్న గుసగుసలూ వినబడ్డాయి. రెండోవి మాత్రల వల్ల తగ్గవు.

కరెంటు షాకు సీను పూర్తిగా తీసేశాను. డైరెక్టర్ అబ్బాయి చాలా బాధపడ్డాడు, దానికే వాళ్లకి ఎక్కువ ఖర్చయిందట. కానీ మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాకు పెట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మనిషి కేకలు వేస్తుంటే నలుగురు పట్టుకుని షాకిచ్చే దృశ్యం చూపించి, 'డాక్టరు దగ్గరకి వెళ్లండి' అని చివర్లో బోర్డు వేస్తే ఎవరైనా వెళతారా? గొలుసు సీను మాత్రం ఉంచాను. అదే చట్టం దాన్నీ నిషేధించింది, అయినా అది జరిగిన సంగతే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో షెడ్డుకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందున పారిపోలేక 28 మంది కాలి చనిపోయారు. ఉంచాను గానీ, గొలుసు గలగలకి నేను వేసిన మ్యూజిక్ తీసేశాను. దాన్ని తాళంగా వాడుకున్నందుకు సిగ్గేసింది.

ఇక ముగింపు. మన సామెత ఉంది కదా, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అని. మన సినిమాలు దాన్ని నిజమే అనుకున్నాయి. 1963 నాటి 'పునర్జన్మ'లో అక్కినేని మతి చెడితే ఒక నాట్యగత్తె ప్రేమతో బాగవుతాడు. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది'లో సావిత్రి నర్సు. ప్రేమ నటించి రోగుల్ని బాగుచేసి, చివరికి తనే మతి పోగొట్టుకుంటుంది. సావిత్రి నటనకి దండం పెట్టాల్సిందే. కానీ చూడండి, మగవాడికి మతి చెడితే మందు ఆడదాని ప్రేమ. ఆ ఆడదానికి చెడితే? సినిమా అక్కడితో అయిపోతుంది! మా పిల్లలు పాపం తిరగేసి రాశారు, మొగుడి ప్రేమే మందన్నారు. నేను కూడా చెరువు కట్ట మీద ఆర్.ఆర్. మార్చి వేణువు వేశాను, వేణువు రాగానే జబ్బు పోయింది. పెద్దమ్మ దాన్ని చూసి, "గోలీలు ఏస్కుంటలేదా మరి?" అంది. అంతే అడిగింది.

పిల్లల్ని మళ్లీ పిలిచి ఇంకో షాటు తీయించాను. పొద్దున్నే ఆ అమ్మాయి వంటింట్లో నిలబడి మాత్ర చేతిలో వేసుకుని, నీళ్లు తాగి, చాయ్ కలుపుతుంది. చెయ్యి కొంచెం వణుకుతుంది. ఆ పాత మందులకి చెయ్యి వణుకు, నోరెండటం ఉంటాయి. 19 సెకన్లుంది. పెళ్లి వీడియోలో అయితే 'లాగ్' అని ఎప్పుడో కోసేసేదాన్ని. కోయలేదు. చివర్లో ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేశాం. 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ అంకెలు రాసుకునేటంత సేపు తెర మీద ఉంచమని నా గొడవ. షార్ట్ ఫిల్ముల వాళ్లు రెండు సెకన్లు వేసి తీసేస్తారు. అది ఎవరికోసం వేసినట్టు?

అసలు మనం చేసే తప్పంతా ఇదేనేమో. జబ్బున్నవాళ్లు తెర మీదే ఉంటారు, హాల్లో ఉండరు అనుకుని కత్తిరిస్తాం. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది, పొగాకు అలవాటు లెక్కలో కలపకుండానే! వాళ్లలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదని కూడా తేలింది. రెండు వందల మంది కూర్చున్న కాలేజీ హాల్లో ఇరవై మంది అనుకోండి. నా ఎకో వినిపించేది వాళ్లకే.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవ గొంతు దగ్గర వచ్చింది. పెద్దమ్మ చెప్పినదంతా ఆవిడ ఒప్పుకున్నాకే ఫోనులో రికార్డు చేశాను. రెండు నిమిషాలు. పిల్లలు విని, 'ఆంటీ, సినిమా చివర్లో ఇదే పెడదాం' అన్నారు. పెద్దమ్మ సరే అంది. అన్నయ్య వద్దన్నాడు. వదిన ఏడ్చేసింది. ఇంట్లో పెళ్లీడు పిల్ల, సంబంధాలు చూస్తున్నారు. శామీర్‌పేట ఇప్పుడు జిల్లా కలెక్టరేట్ ఉన్న చోటే అయినా, గొంతు గుర్తుపట్టే విషయంలో ఇంకా పల్లెటూరే.

చట్టం ఏమంటుందో చూశాను. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ బయటపెట్టాలంటే ఆ మనిషి అనుమతి ఉండాలంటుంది. కొడుకుదో, మొగుడిదో కాదు. మతి బాగాలేదని ముద్ర పడినంత మాత్రాన తన విషయంలో తన మాట చెల్లకుండా పోకూడదన్న వాదన 2006లో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోకి ఎక్కింది. ఆ వాదన వినిపించిన వాళ్లలో ఒకరైన అమితా ధండా మా శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయంలోనే న్యాయశాస్త్రం బోధించారు. కోర్టులూ మారుతున్నాయి. భార్యకి స్కిజోఫ్రెనియా అని విడాకులడిగిన ఒక ఆంధ్రా భర్తకి 2013లో సుప్రీంకోర్టు విడాకులివ్వలేదు. ఆమె వైద్యురాలు, ప్రభుత్వ ఉద్యోగం చేస్తోంది, జబ్బు పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు అంది. ఇవన్నీ అన్నయ్యకి చెప్పాను. "కోర్టు ఒప్పుకుంటది చెల్లె, పెళ్లికొడుకు అమ్మ ఒప్పుకోవాలె గద" అన్నాడు. ఏం చెప్పను?

చివరికి ఆ గొంతు పెట్టలేదు. పెద్దమ్మ మాటల్నే మా పక్కింటావిడతో చెప్పించి అత్తగారి గొంతుగా వాడాం. సరైన పనేనా అంటే, కాదనే అంటాను. అనుమతి ఇవ్వవలసిన మనిషి ఇచ్చింది, మేం తీసుకోలేదు. ఎవరి పెళ్లి కోసమని ఇదంతా చేశామో ఆ పిల్లని మాత్రం ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. ఆ రెండు నిమిషాలు ఇంకా నా కంప్యూటర్లోనే ఉన్నాయి.

కాలేజీకి పంపేముందు మా ఇంట్లోనే అందరం కూర్చుని చూశాం. పిల్లలు నలుగురు, మా ఆయన, అన్నయ్య, వదిన, పెద్దమ్మ. ఎడమ స్పీకరు మా వంటింటి తలుపు వైపే ఉంది. నేను కావాలని పెట్టింది కాదు, వైరు అంతవరకే వచ్చింది. సినిమా మధ్యలో, "పాలు పొంగుతున్నయ్, ఇనబడ్తలేదా?" అని గొంతు వినిపించింది. అందరం ఒక్కసారే వంటింటి వైపు తిరిగాం. వదిన అయితే లేవబోయింది కూడా.

పెద్దమ్మ తిరగలేదు. "ఏం జూస్తుండ్రు? ఆడ ఎవ్వరు లేరు" అంది.